వార్తకు, వదంతికి మధ్య: 1942లో ఆంధ్ర తీరం

రెండో ప్రపంచ యుద్ధకాలంలో, ముఖ్యంగా 1941 డిసెంబరు నుంచి 1942 చివరి దాకా గడిచిన ఏడాదిలో, మద్రాసు మొదలుకొని విశాఖపట్నం పైదాకా ఉన్న తూర్పు తీరం వార్తలను ఎంతగా నమ్ముకొందో వదంతులనూ అంతగానే నమ్ముకొంది. మూలం తెలియకుండా ఒకరి నోటినుంచి మరొకరి చెవికి పాకే మాటను వదంతి అంటారు. మూలం తెలియనంత మాత్రాన అది అబద్ధమై తీరాలనే నియమమేమీ లేదు. ఆ ఏడాది తీరప్రాంతంలో తిరిగిన మాటల్లో కొన్ని పచ్చి అబద్ధాలు, కొన్ని పత్రికలు అచ్చువేయలేకపోయిన నిజాలు, మరికొన్ని ప్రభుత్వం తానే నమ్మి జనం చేత నమ్మించిన పొరపాట్లు. వీటిని విడదీసి చూడకుండా, పుకార్లన్నిటికీ చదువురాని జనం అమాయకత్వమే కారణమని తేల్చేసిన నాటి అధికారుల నివేదికలను ఉన్నదున్నట్టు స్వీకరిస్తే, ఆ కాలపు చరిత్రలో సగం మరుగున పడిపోతుంది. పత్రికను, రేడియోను, సర్కారు ప్రకటనను ఒక పక్కన, రచ్చబండ మాటను ఇంకో పక్కన ఉంచి చూసే అలవాటు పండితుల్లోనూ ఉంది గాని, 1942 నాటి సాక్ష్యాలను దగ్గర పెట్టుకొని చూస్తే ఆ రెండూ ఒకదానికొకటి సరుకు అందించుకొంటూ నడిచాయని స్పష్టమవుతుంది.

తీరంలో ఈ భయానికి ఒక పూర్వచరిత్ర ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన రెండు నెలలకే, 1914 సెప్టెంబరు 22 రాత్రి, కార్ల్ ఫాన్ ముల్లర్ నాయకత్వంలోని ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు రేవుకు దగ్గరగా వచ్చి వందకు పైగా గుళ్లు కురిపించి బర్మా ఆయిల్ కంపెనీ చమురు తొట్టెలను తగలబెట్టి వెళ్లిపోయింది. దాడి అరగంటలో ముగిసిపోయినా, ఆ నౌక మళ్లీ వస్తుందన్న మాట వారాల తరబడి ఆగలేదు. వేలాది మంది నగరం విడిచి లోపలి ఊళ్లకు తరలిపోయారు. అదే ఏడాది నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక సిడ్నీ చేతిలో ఎమ్డెన్ ధ్వంసమైంది. అయినా ఆ పేరు చుట్టూ అల్లుకొన్న కథలు నిలిచిపోయాయి. చెంపకరామన్ పిళ్లై అనే విప్లవకారుడు ఆ నౌకలో ఉండి దాడి చేయించాడన్న కథ, ఆధారాలు చూపకుండానే, ఈనాటికీ వ్యాసాల్లోకి ఎక్కుతూ ఉంటుంది. కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రికను మద్రాసు నుంచి దినపత్రికగా తేవడం మొదలుపెట్టింది కూడా ఆ ఏడాది ఏప్రిల్‌లోనే కాబట్టి, తెలుగు దినపత్రికా పాఠకులకు యుద్ధవార్తతో, దాని వెంట నడిచే పుకారుతో పరిచయం ఒకేసారి కలిగిందని చెప్పవచ్చు.

రెండో యుద్ధం వచ్చేనాటికి వార్త ప్రయాణించే దారులు మారాయి. ఐరోపా రణరంగపు సమాచారం లండన్‌లోని రాయిటర్ సంస్థ ద్వారా వచ్చేది. దేశంలోని సమాచారాన్ని, అప్పటికి రాయిటర్ చేతిలోనే ఉన్న అసోసియేటెడ్ ప్రెస్ ఆఫ్ ఇండియా తంతివార్తలుగా పంపేది. 1938లో మొదలైన ఆంధ్రప్రభ గాని, ఆంధ్రపత్రిక గాని ఈ ఇంగ్లీషు తంతివార్తలను తెలుగు చేసి మద్రాసులో అచ్చువేసి రైలెక్కిస్తే, బెజవాడ, రాజమండ్రి దాటి విశాఖపట్నం చేరేసరికి మరునాడయ్యేది; అక్కడి నుంచి ఏజెన్సీ మన్యానికో, కోనసీమ లంకలకో వెళ్లడానికి ఇంకా ఆలస్యమయ్యేది. పైగా ఒక ప్రతిని చదివేవారు ఒకరైతే వినేవారు పదిమంది: గ్రంథాలయంలోనో, కాఫీ హోటలు బల్ల దగ్గరో, బడిపంతులు ఇంటి అరుగు మీదో ఒకరు పైకి చదువుతుంటే తక్కినవారు విని, విన్నదానికి తమకు తెలిసినది కలిపి ఇంటికి తీసుకుపోయేవారు. అక్షరాస్యులు తక్కువగా ఉన్న సమాజంలో అచ్చయిన వార్త సహితం చివరి అంచెలో నోటిమాటగానే చేరుతుంది. అచ్చులో ఉన్నదెంత, చదివినవాడు వ్యాఖ్యానించినదెంత, విన్నవాడు చేర్చినదెంత అన్నది అక్కడ తేల్చడం అసాధ్యం. వార్తకూ వదంతికీ మధ్య గీత గీయాలనుకొనేవారు ముందుగా ఈ అంచెను లెక్కలోకి తీసుకోవాలి.

రేడియో సంగతి వేరు. మద్రాసు రేడియో కేంద్రం 1938 జూన్‌లో ఆకాశవాణి వ్యవస్థలో భాగంగా పని ప్రారంభించినా, దేశం మొత్తం మీద లైసెన్సు ఉన్న రేడియో సెట్లు యుద్ధకాలంలో రెండు లక్షలకు లోపే. అయితే సెట్టున్న ఇల్లు ఊరికొకటే అయినా దాని చుట్టూ చేరేవారికి కొదవలేదు, ఆ సెట్టులో ఢిల్లీ, లండన్‌తో పాటు బెర్లిన్, టోక్యో, సైగాన్ కూడా పలికేవి. శత్రుదేశాల ప్రసారాలను నలుగురికి వినిపించడం, విన్నదాన్ని ప్రచారం చేయడం నేరమైనందువల్ల, విన్నవారు తాము ఎక్కడ విన్నామో చెప్పకుండా విషయం మాత్రం చెప్పేవారు. ఆ విధంగా సక్రమమైన మూలం ఉన్న ప్రసారం కూడా, చట్టం భయంతో మూలం తెంపుకొని, వీధిలోకి వచ్చేసరికి వదంతి రూపం ధరించేది.

చట్టం స్వరూపాన్ని కొంచెం వివరించాలి. 1939లో అమల్లోకి వచ్చిన భారత రక్షణ నిబంధనలు యుద్ధప్రయత్నానికి హాని కలిగించే సమాచారాన్ని ప్రచురించడాన్నే గాక, జనంలో భయాందోళనలు పుట్టించే మాటలను ప్రచారం చేయడాన్ని కూడా శిక్షార్హం చేశాయి. అంటే పత్రికా సంపాదకుడికీ, సంతలో మాట్లాడే రైతుకూ ఒకే నిబంధనావళి వర్తించింది. పత్రికల విషయంలో 1940లో ఒక సర్దుబాటు కుదిరింది: హిందూ పత్రిక సంపాదకుడు కస్తూరి శ్రీనివాసన్ తొలి అధ్యక్షుడుగా ఏర్పడిన అఖిల భారత పత్రికా సంపాదకుల సభ, ప్రభుత్వం కలిసి, ముందస్తు సెన్సారు బదులు సలహా సంఘాల ద్వారా పత్రికలే తమను తాము అదుపు చేసుకొనే పద్ధతిని అంగీకరించాయి. సంపాదకుల గౌరవానికి ఈ పద్ధతి మేలు చేసిందనడంలో సందేహం లేదు. కాని పాఠకుడి వైపు నుంచి చూస్తే, తన పత్రిక ఏ విషయాన్ని తానే వదిలేసిందో, ఏది పైవారు వదిలేయించారో తెలుసుకొనే దారి అతనికి లేకుండా పోయింది. దాంతో పత్రికలో లేనిదాన్ని ఊహించడం చదవడంలో ఒక భాగమైపోయింది. సేనలు ముందుగా అనుకొన్న స్థానాలకు వెనుదిరిగాయని ప్రకటన వస్తే ఓడిపోయాయని, ప్రజలు కంగారుపడనక్కరలేదని ప్రకటన వస్తే కంగారుపడవలసిన సమయం వచ్చిందని అర్థం చేసుకోవడం జనానికి అలవాటైంది.

ఈ అలవాటు ఊరికే రాలేదు. 1941 డిసెంబరు 10న బ్రిటిష్ నౌకాబలానికి అలంకారంగా భావించిన ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అనే రెండు నౌకలు మలయా తీరంలో మునిగిపోయాయి. డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. 1942 ఫిబ్రవరి 15న, జయించడానికి వీలులేనిదని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన సింగపూర్ లొంగిపోయింది. మార్చి 8న రంగూన్ జపాన్ వశమైంది. మూడు నెలల్లో ఇన్ని ప్రకటనలు ఒకదాని వెంట ఒకటి తప్పని తేలిన తరువాత, నాలుగో ప్రకటనను నమ్మకపోవడం అజ్ఞానం అనిపించుకోదు.

ఆంధ్రతీరానికి రంగూన్ పతనం పరాయి వార్త కాదు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి ప్రాంతాల నుంచి తరతరాలుగా కూలీలు కాకినాడ, విశాఖ, కళింగపట్నం రేవుల మీదుగా రంగూన్ వెళ్లి ఓడరేవులో మూటలు మోశారు, ధాన్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. అక్కడివారు వీరిని కోరంగీలనేవారు. 1931 జనగణన నాటికి బర్మాలో భారతీయులు పదిలక్షలకు పైబడి ఉన్నారు, రంగూన్ నగర జనాభాలో సగానికి మించి వారే. బాంబులు పడగానే రేవు కూలీలు నగరం విడిచి పరుగుతీశారు. ఓడ దొరికినవారు సముద్రం మీదుగా, దొరకనివారు ప్రోమ్ నుంచి తౌంగప్ కనుమ దాటి అరకాన్ వైపో, చింద్విన్ లోయ వెంట మణిపూర్ వైపో నడిచారు. నాలుగైదు లక్షల మంది నడిచిన ఆ దారుల్లో కలరాతో, మలేరియాతో, ఆకలితో చనిపోయినవారు వేల సంఖ్యలో ఉన్నారు.

బతికి ఊరు చేరినవారు తీసుకువచ్చిన మాటలే ఆ వేసవిలో తీరాంధ్రలో యుద్ధానికి సంబంధించిన అసలు వార్త. తెల్లవారికి ఒక దారి, నల్లవారికి ఒక దారి కేటాయించారని, ఓడల్లోనూ విమానాల్లోనూ ముందు దొరలకే చోటు దొరికిందని, పోలీసులూ అధికారులూ ప్రజలకంటే ముందే రంగూన్ వదిలారని వారు చెప్పారు. ఈ ఆరోపణలు కాంగ్రెస్ నాయకుల ఉపన్యాసాల ద్వారా పత్రికలకు ఎక్కినప్పుడు ప్రభుత్వం వాటిని అతిశయోక్తులుగా కొట్టిపారేసింది. అయితే తరలింపులో జాతివివక్ష జరిగిందన్న ఆరోపణకు గట్టి ఆధారాలున్నాయని తరువాతి పరిశోధకులు అంగీకరించారు. కళ్లారా చూసి వచ్చినవాడి సాక్ష్యాన్ని వదంతిగా, వెయ్యి మైళ్ల దూరంలో ఉన్న కార్యాలయం రాసిన ఖండనను వార్తగా వర్గీకరించిన ఆ పద్ధతి ఎంత అన్యాయమైనదో, ఆ దారిలో బిడ్డలను పోగొట్టుకొని వచ్చిన కుటుంబాలను తలచుకొంటే అర్థమవుతుంది. శరణార్థి చెప్పినవన్నీ నిజాలేనని దీని అర్థం కాదు. దారిలో విన్నవి, భయంలో కన్నవి, మరొకరి అనుభవాలు తన కథలో కలిసిపోయి ఉంటాయి. కాని ఆ కథ సారం నిజం. ఇంగ్లీషువాడు అవసరమొస్తే మనల్ని వదిలేసి పోతాడన్న ఒక్క తాత్పర్యం మాత్రం దానితో ప్రతి ఊరికీ చేరింది.

డబ్బు విషయంలోనూ ఇదే జరిగింది. 1940 వేసవిలో ఫ్రాన్స్ ఓడిపోయినప్పుడే కాగితం నోట్లు చెల్లవన్న మాట పుట్టి, జనం వెండి రూపాయలు దాచుకోవడం మొదలైంది. ప్రభుత్వం రూపాయి నోటును ప్రవేశపెట్టి, అవసరానికి మించి నాణేలు కూడబెట్టడాన్ని నేరం చేసింది, ఆపైన రూపాయిలో వెండిని సగానికి తగ్గించి పాత విక్టోరియా రూపాయలను చెలామణి నుంచి తొలగించింది. వెండి రూపాయి పోతుందన్న పుకారును ఖండించిన ప్రభుత్వమే కొన్ని నెలల్లో వెండి తగ్గిన రూపాయిని చేతిలో పెడితే, ఖండనకు విలువేముంటుంది? 1942లో పోస్టాఫీసు పొదుపు ఖాతాల నుంచి సొమ్ము తీసుకొనే రద్దీ మళ్లీ పెరిగింది. ఇందీవర్ కామ్టేకర్ వంటి చరిత్రకారులు, ఈ రద్దీని రాజ్యం మీద ప్రజల విశ్వాసం ఎంత సడలిందో చూపే కొలమానంగా పరిగణించారు. జనాభిప్రాయ సేకరణలు లేని కాలానికి ఇంతకంటే మంచి కొలమానం దొరకదు.

1942 ఏప్రిల్ మొదటి వారంలో ఈ పరిస్థితి పరాకాష్ఠకు చేరింది. ఏప్రిల్ 5న, ఈస్టర్ ఆదివారం నాడు, జపాన్ విమానవాహక నౌకల నుంచి లేచిన విమానాలు కొలంబో మీద దాడిచేశాయి. అదే సమయంలో అడ్మిరల్ ఓజావా నాయకత్వంలోని మరొక దళం బంగాళాఖాతంలో ప్రవేశించి రెండు రోజుల్లో ఇరవైకి పైగా వర్తకనౌకలను ముంచివేసింది. మునిగిన ఓడల నుంచి బయటపడినవారు తీరానికి చేరుకోవడంతో, సముద్రంలో ఏం జరుగుతున్నదో బెస్తపల్లెలకు పత్రికల కంటే ముందే తెలిసింది. ఏప్రిల్ 6న ఆ దళంలోని ర్యూజో అనే నౌక నుంచి వచ్చిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. విశాఖలో లక్ష్యం తొమ్మిదేళ్ల కిందట మొదలైన కొత్త ఓడరేవు. ప్రాణనష్టం స్వల్పమే, రేవుకు జరిగిన హానీ కొద్దిదే. కాని రోజు గడిచేసరికి విశాఖలో ఇళ్లకు తాళాలు పడ్డాయి, రైళ్లూ బండ్లూ కిక్కిరిసిపోయాయి, అవి దొరకనివారు పిల్లలను చంకనెత్తుకొని విజయనగరం వైపు, అనకాపల్లి వైపు నడిచారు. బాంబుల గురించి వెలువడిన ప్రకటన నష్టం స్వల్పమని చెప్పింది, అది నిజం కూడా. అయితే సింగపూర్ నాటి నుంచి ఆ మాటకు జనం నిఘంటువులో మరో అర్థం స్థిరపడి ఉన్నందువల్ల, చెప్పిన నిజం కూడా చెల్లలేదు.

మద్రాసులో జరిగింది ఇంకా విచిత్రం. ఏప్రిల్ 7న, జపాన్ నౌకాదళం ఒకటి దక్షిణ భారత తీరం వైపు వస్తున్నదని మద్రాసు ప్రభుత్వానికి సమాచారం అందింది. గవర్నరు ఆర్థర్ హోప్ ప్రభుత్వం దానిని నమ్మి, పని లేనివారంతా నగరం విడిచి వెళ్లడం మంచిదని ప్రకటించి, తన కార్యాలయాలను లోతట్టు పట్టణాలకు తరలించింది. హైకోర్టు కోయంబత్తూరుకు వెళ్లింది. రిప్పన్ భవనం పక్కనున్న జంతుప్రదర్శనశాలలోని క్రూరమృగాలు బాంబుదాడిలో బోనులు విరిగి బయటపడతాయన్న భయంతో మలబారు ప్రత్యేక పోలీసులను రప్పించి వాటిని కాల్పించారు. నగర జనాభాలో పెద్ద భాగం రోజుల వ్యవధిలో ఖాళీ అయింది. ఎగ్మూరు, సెంట్రల్ స్టేషన్లు జనంతో నిండిపోయాయి, చిత్తూరు, నెల్లూరు జిల్లాల లోపలి ఊళ్లలో పశువులపాకలకు సహితం అద్దె పలికింది. వస్తున్నదన్న నౌకాదళం రాలేదు. అలాంటి దండయాత్ర దళం ఆ దిక్కున లేనే లేదని, సమాచారం పొరపాటుదని తరువాత తేలింది.

ఈ సంఘటనను జాగ్రత్తగా పరిశీలించాలి, ఎందుకంటే వదంతుల చరిత్రలో సాధారణంగా కనిపించే పాత్రలు ఇక్కడ తారుమారయ్యాయి. ఆధారం తేలని మాటను నమ్మి, నిర్ధారించుకొనే వ్యవధి ఇవ్వకుండా, దానిమీద చర్య తీసుకొన్నది విమానాలూ తంతీ గూఢచారశాఖా చేతిలో ఉన్న ప్రభుత్వం. పుకార్లు నమ్మవద్దని గోడల మీద కాగితాలు అంటించిన అదే యంత్రాంగం, తన దస్త్రాలను బండ్లకెత్తుకొని బయలుదేరడం కంటే బలమైన ప్రకటన మరొకటి ఉండబోదు. పత్రికలు ఈ తరలింపును సెన్సారు పరిమితుల్లో, పొడిపొడిగా, కార్యాలయాల చిరునామాల మార్పుగా అచ్చువేశాయి. చదివినవారికి అవి చిరునామాలుగా కనిపించలేదు. మద్రాసు నుంచి వచ్చిన బంధువు ఒక్కడు చెప్పిన మాట ముందు ఆ కాలమ్ అంతా వెలవెలపోయింది. వేసవి గడిచి కార్యాలయాలు ఒక్కొక్కటే తిరిగివచ్చాక, మద్రాసు మీద నిజంగానే 1943 అక్టోబరులో జపాన్ విమానమొకటి బాంబులు వేసినప్పుడు నగరంలో ఏప్రిల్ నాటి కంగారులో వందో వంతు కూడా లేకపోవడం గమనించదగిన విషయం.

ప్రభుత్వం ఈ పాఠాన్ని ఎలా నేర్చుకొన్నదన్న ప్రశ్నకు జవాబు నిరాశ కలిగిస్తుంది. 1942లోనే జాతీయ యుద్ధ కూటమి పేరిట ఒక సంస్థను నెలకొల్పి, పుకార్లను, పరాజయ భావాన్ని ఎదుర్కొనే పనిని ఉపన్యాసకులకు, ఉపాధ్యాయులకు, పల్లెల్లో హరికథకులకు, బుర్రకథకులకు అప్పగించాలని చూశారు. రాష్ట్ర ప్రధాన కార్యదర్శులు పదిహేను రోజులకొకసారి ఢిల్లీకి పంపే పక్షనివేదికల్లో జనంలో తిరుగుతున్న మాటలను నమోదు చేశారు. చరిత్రకారులకు ఇవి ఈనాడు అమూల్యమైన ఆకరాలు. అయితే ఆ నివేదికలు రాసినవారు వదంతిని అంటువ్యాధిగా చూశారు గాని, ఏ ప్రశ్నకు జవాబు దొరక్క ఆ మాట పుట్టిందో అడగలేదు.

అడిగినవారు వేరే చోట ఉన్నారు. ఫ్రెంచి చరిత్రకారుడు మార్క్ బ్లోక్, మొదటి యుద్ధంలో సైనికుడుగా కందకాల్లో గడిపి వచ్చి, 1921లో యుద్ధకాలపు అబద్ధవార్తల మీద ఒక దీర్ఘవ్యాసం రాశాడు. సెన్సారు కారణంగా సైనికులు అచ్చయిన దేనినీ నమ్మడం మానేశారని, దానితో ముద్రణకు పూర్వమున్న మౌఖిక సంప్రదాయం కందకాల్లో తిరిగి ప్రాణం పోసుకొన్నదని, తప్పుడు వార్త ఎప్పుడూ జనం మనసులో ముందే ఉన్న భావాన్ని ఆసరా చేసుకొని పుడుతుందని ఆయన నిర్ధారించాడు. మన దేశంలో, పాట్నాకు చెందిన మనోవిజ్ఞాన శాస్త్రవేత్త జమునా ప్రసాద్ 1934 జనవరి 15 నాటి బీహారు భూకంపం తరువాత తిరిగిన వదంతులను సేకరించి 1935లో ప్రచురించాడు. ఇంకా ఘోరమైన ఉత్పాతాలు రానున్నాయన్న పుకార్లు, ప్రకంపనలు తగిలినా నష్టపోని ప్రాంతాల్లో బాగా వ్యాపించాయని ఆయన సేకరణ చూపింది. రెండు దశాబ్దాల తరువాత అమెరికాలో మనోవిజ్ఞాన శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింగర్ తన ప్రసిద్ధ సిద్ధాంతానికి ఈ పరిశీలననే ఒక ప్రారంభబిందువుగా తీసుకొన్నాడు: భయం ముందుగా కలిగి, దానికి తగిన కారణం కంటికి కనిపించనప్పుడు, మనిషి ఆ భయాన్ని సమర్థించే వార్తను వెతుక్కొంటాడని ఆయన వాదం. విశాఖలో బాంబు చూసినవారి కంటే చూడని ఊళ్లలో కథలు పెద్దవిగా పెరగడానికి కారణం వెతికేవారికి జమునా ప్రసాద్ సేకరణ ఈనాటికీ పనికివస్తుంది. ఆయన పేరు మన విశ్వవిద్యాలయాల్లో అంతగా వినిపించకపోవడం విచారకరం.

ఆగస్టు వచ్చేసరికి సమస్య మరో రూపం తీసుకొంది. 1942 ఆగస్టు 8న బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం ఆమోదం పొందిన రోజే, ఉద్యమానికి సంబంధించిన సమాచారాన్ని అధికార వర్గాలు, గుర్తింపు పొందిన వార్తాసంస్థలు, జిల్లా అధికారి వద్ద నమోదైన విలేఖరులు ఇచ్చినదైతే తప్ప అచ్చువేయరాదని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. గాంధీ హరిజన్ పత్రిక మూతపడింది. ఈ షరతుల కింద పత్రిక నడపడం కన్నా ఆపివేయడమే మేలని కొన్ని పత్రికలు స్వచ్ఛందంగా ప్రచురణ నిలిపివేశాయి, వాటిలో రామనాథ్ గోయెంకా నడిపిన ఇండియన్ ఎక్స్‌ప్రెస్ ఒకటి. ఆగస్టు 12న తెనాలి రైల్వేస్టేషన్‌కు జనం నిప్పుపెట్టగా పోలీసు కాల్పుల్లో ఏడుగురు మరణించారు. ఆ రోజుల్లో అనేకచోట్ల తంతితీగలు తెగిపోయాయి, రైళ్లు ఆగిపోయాయి. తెనాలిలో చనిపోయినవారు ఎంతమంది అని గుంటూరులో అడిగినవారికి చేతికందిన పత్రిక జవాబు చెప్పలేని స్థితి ఏర్పడింది. తీగలు తెంపినవారు ప్రభుత్వ సమాచారాన్ని ఆపాలనుకొన్నారు, ప్రభుత్వం ఉద్యమ సమాచారాన్ని ఆపాలనుకొంది. రెండు ప్రయత్నాలూ ఫలించి, మధ్యలో మిగిలిన జనానికి నోటిమాట ఒక్కటే దిక్కయింది.

ఆ లోటును పూరించడానికి బొంబాయిలో ఉషా మెహతా, ఆమె సహచరులు రహస్యంగా నడిపిన కాంగ్రెస్ రేడియో ఆగస్టు నుంచి నవంబరు 12న పోలీసులకు దొరికేదాకా పనిచేసింది. పత్రికలు చెప్పలేని చిట్టగాంగ్ బాంబుదాడి, జంషెడ్‌పూర్ కార్మికుల సమ్మె వంటి విషయాలను అది వెల్లడించింది. ఆంధ్రలో ఇదే పనిని సైక్లోస్టయిలు కరపత్రాలు, చేతిరాత కాగితాలు చేశాయి. ఇక్కడ కర్నూలు సర్క్యులర్ అనే పేరుతో ప్రసిద్ధమైన పత్రం గురించి చెప్పుకోవాలి. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ సంఘం తరఫున కళా వెంకటరావు జూలై చివర జిల్లా సంఘాలకు పంపిన ఈ రహస్య సూచనల్లో తంతితీగలు తెంపడం వంటి కార్యక్రమాలున్నాయి. అది పోలీసులకు చిక్కింది. 1943 ఫిబ్రవరిలో ఉద్యమ బాధ్యత కాంగ్రెస్‌దేనని నిరూపించడానికి ప్రభుత్వం వెలువరించిన పుస్తకంలో దీనిని ప్రముఖంగా ప్రచురించింది. కొద్దిమంది కార్యకర్తల చేతులు మాత్రమే దాటిన కాగితాన్ని, దాని గుసగుసను అణచదలచిన ప్రభుత్వమే దేశమంతటికీ చదివి వినిపించినట్టయింది.

ఈ కాలంలో పత్రికలూ రేడియోలూ స్వయంగా పుట్టించిన అబద్ధవార్తల్లో ఎక్కువకాలం నిలిచిన ఫలితాన్నిచ్చినది సుభాష్ చంద్రబోస్‌కు సంబంధించినది. 1942 ఫిబ్రవరిలో బెర్లిన్ నుంచి ఆజాద్ హింద్ రేడియోలో బోస్ స్వరం తొలిసారి వినిపించింది. నెల తిరిగేసరికి, మార్చి చివర, ఆయన జపాన్ వెళుతూ విమాన ప్రమాదంలో మరణించాడని రాయిటర్ వార్త వచ్చింది. దీనికి పూర్తిగా ఆధారం లేకపోలేదు: టోక్యో సమావేశానికి బయలుదేరిన స్వామి సత్యానందపురి, జ్ఞానీ ప్రీతంసింగ్ తదితర భారతీయ ప్రతినిధులు ఆ నెలలో నిజంగానే విమానం కూలి చనిపోయారు. ఆ జాబితాలో లేని పేరు వార్తలో చేరింది. గాంధీ బోస్ తల్లికి సంతాప సందేశం పంపారు. ఆ సందేశంలోని ప్రశంస అప్పుడు సంప్రదింపులకు వచ్చి ఉన్న బ్రిటిష్ మంత్రి క్రిప్స్‌కు మింగుడుపడలేదని మౌలానా ఆజాద్ తరువాత రాశారు. కొద్దిరోజుల్లోనే బోస్ తన మరణవార్తను తానే రేడియోలో ఖండించాడు. ఏ పత్రిక సవరణ వేసినా, ఎంత ప్రముఖంగా వేసినా, చచ్చిపోయాడన్న మనిషి గొంతు వినడం వేరు. విన్నవారి సంఖ్య చిన్నదే గాని, ఆ కబురు మోసినవారికి లెక్కలేదు.

మూడేళ్ల తరువాత, 1945 ఆగస్టు 18న తైవాన్‌లోని తైహోకు విమానాశ్రయంలో బోస్ ప్రయాణిస్తున్న విమానం కూలింది. ఆ వార్తను జపాన్ వార్తాసంస్థ డొమేయ్ ఆగస్టు 23న ప్రకటించింది. ప్రకటన పాఠం రూపుదిద్దడంలో పాలుపంచుకొన్నది ఆజాద్ హింద్ ప్రభుత్వంలో ప్రచారశాఖ చూసిన ఎస్.ఎ. అయ్యర్, యుద్ధానికి ముందు ఆయన రాయిటర్ విలేఖరి. ఐదు రోజుల ఆలస్యం, ఓడిపోయిన దేశపు వార్తాసంస్థ, దేహాన్ని చూపే ఫొటో లేకపోవడం, ఇవన్నీ అనుమానానికి తావిచ్చాయి గాని, అన్నిటికంటే ముందు నిలిచింది 1942 జ్ఞాపకం. 1946 మార్చిలో గాంధీ హరిజన్‌లో ఈ విషయమై రాసినప్పుడు, వెనుక ఒకసారి పత్రికల్లో వచ్చిన మరణవార్తను తాను నమ్మానని, అది తప్పని తేలినప్పటి నుంచి స్వరాజ్య స్వప్నం ఫలించేదాకా నేతాజీ మనల్ని విడిచిపోడన్న భావం తనలో ఉండిపోయిందని వివరించి, నిరాధారమైన ఆ భావాన్ని ఇక విడిచిపెట్టవలసిందిగా పాఠకులను కోరారు. పాఠకులు విడిచిపెట్టలేదు. 1956లో షానవాజ్ ఖాన్ సంఘం, 1970లో నియమితమైన ఖోస్లా కమిషన్ విమాన ప్రమాదంలోనే మరణించాడని తేల్చాయి. 1999లో ఏర్పడిన ముఖర్జీ కమిషన్ ఆ ప్రమాద కథనాన్ని తోసిపుచ్చగా, 2006లో కేంద్ర ప్రభుత్వం ఆ నివేదికను అంగీకరించలేదు. ఈ అరవై ఏళ్లలో ప్రతి విచారణ సాక్షులను పిలిచింది, పత్రికలు ప్రతి సాక్ష్యాన్ని అచ్చువేశాయి, అచ్చయిన ప్రతి సాక్ష్యం నుంచి నేతాజీని ఫలానా ఆశ్రమంలో చూశామనే కొత్త మాటలు పుట్టాయి, ఆ మాటలను విచారించడానికే తరువాతి కమిషన్ కావాలని జనం అడిగారు.